సగటులో కనబడని దినము

విద్యుచ్ఛక్తిని ధాన్యమువలె గాదెలో పోసి దాచుకొనుట సులభము కాదు. పెద్ద బ్యాటరీలు వచ్చినను, ఏ క్షణమున కావలసిన విద్యుత్తులో ఎక్కువ భాగమును ఆ క్షణముననే పుట్టింపవలసియున్నది. ఉత్పత్తికి, వాడకమునకు పొత్తు తప్పినచో సెకనుకు 50 ఆవర్తనములుగా నుండవలసిన పౌనఃపున్యము చలించును. అందుచేత రేపటి వాడకమును నేడే అంచనా వేయుట విద్యుత్సంస్థలకు నిత్యకృత్యము.

ఈ పనికి కృత్రిమ మేధ తగినదే. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో వేసవి ఉక్కపోత, పొలముల పంపులు, పండుగ దీపములు ఏటేటా తిరిగివచ్చునవి. తిరిగివచ్చు దానిని యంత్రము చక్కగా నేర్చుకొనును. అమెరికాలో 700 మెగావాట్ల గాలిమరల ఉత్పత్తిని 36 గంటల ముందుగా ఊహించి, ఆ విద్యుత్తు విలువను సుమారు 20 శాతము పెంచితిమని డీప్‌మైండ్ సంస్థ 2019లో ప్రకటించెను.

అయితే ఇట్టి యంత్రముల ప్రతిభను తరచుగా ‘సగటు దోషము’ అను ఒక్క అంకెతో చెప్పుచుందురు. ఆక్షేపింపవలసినది దీనినే. ఒక యంత్రము 364 దినములు 1 శాతము మాత్రమే పొరబడినదనుకొందము. మిగిలిన ఒక్క దినమున వాడకము సగమునకు పడిపోగా, అది మామూలు అంకెనే చెప్పినది. ఆనాటి దోషము 100 శాతము. మొత్తము 464ను 365 చేత భాగించిన సగటు 1.27 మాత్రమే! విద్యార్థులు తామే లెక్కించి చూడవచ్చును.

అట్టి దినము ఈ తీరమునకు కొత్త కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినది. గాలి వేగము గంటకు 140 కిలోమీటర్లు మించినది. ఉద్దానములో కొబ్బరి, జీడిమామిడి తోటలతోపాటు వేలకొలది విద్యుత్ స్తంభములు కూలినవి. కరెంటు లేనిదే మోటారు నడువదు. మోటారు నడువనిదే కుళాయికి నీరు రాదు. జనులకు విద్యుత్తు అత్యవసరమైన ఆ వేళ లెక్కలలో వాడకము సున్న! తీగ తెగినందున వచ్చిన సున్న అని మనుష్యుడు వ్రాసి యుంచనిచో, అది అక్కరలేమి వలన వచ్చినదని యంత్రము గ్రహించును. అట్టి దినములను ‘అసహజము’లని ఏరివేసి శిక్షణ ఇచ్చుటయు కలదు. అప్పుడు సగటు మరింత అందముగా నుండును.

2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ – ఆరేండ్లలో మూడు. జనులకు ఇవి చాల ఎక్కువ. వేల ఉదాహరణలు కోరు యంత్రమునకు చాల తక్కువ. పైగా ఒకటి గోపాలపురమువద్ద, ఒకటి విశాఖవద్ద, ఒకటి పలాసవద్ద తీరము దాటినవి. ఇచట పాత అంకెలకంటె భౌతికశాస్త్రము మేలు. గాలి ఒత్తిడి వేగముయొక్క వర్గమునుబట్టి పెరుగును. వేగము రెట్టింపైన ఒత్తిడి నాలుగింతలు. ఏ స్తంభము ఎన్నేండ్లది, ఏ నేలలో పాతినది, ఏ కొబ్బరిచెట్టు తీగపై వాలియున్నది అను వివరములు లైన్‌మన్ నడచి చూచి వ్రాయవలసినవి. అవి చేరిన పిమ్మట తుఫాను దినముల దోషమును సగటులో కలుపక వేరుగా చూపినచో, ఆ యంత్రము ఉద్దానమునకు పనికివచ్చునో లేదో తెలియును.