జీర్ణగృహోద్ధారము: ఒక యాంగ్లేయగ్రంథ విమర్శనము

పరదేశమునఁ బాడుపడిన యింటిని కొని, దానిని బాగుచేయించుకొనుచుఁ బడిన యగచాట్లను గ్రంథముగా వ్రాయుట ఆంగ్లేయవాఙ్మయమున నొక శాఖగాఁ బెరిగినది. ఈ శాఖకు మూలస్తంభము 1989లో వెలువడిన పీటరు మేల్ గారి ‘ప్రొవాన్సులో నొక సంవత్సరము’. దక్షిణ ఫ్రాన్సున లూబెరాన్ కొండలయొద్ద, మెనెర్బు గ్రామసమీపమున, రెండువందల యేండ్లనాఁటి రైతుల యింటిని కొని దంపతులు కాపురము పెట్టుటయే యిందలి యితివృత్తము.

గ్రంథము జనవరితో మొదలై డిసెంబరుతో ముగియును, నెలకొక ప్రకరణము. మన కవుల ఋతువర్ణనమునకు నిది దూరపుఁ జుట్టము. కాని మన కావ్యములలో ఋతువు రసమున కుద్దీపనవిభావము. ఇందు ఋతువు గొట్టములను పగులఁగొట్టును. మిస్ట్రాలను చలిగాలికి మొదటి నెలలోనే నీటిగొట్టములు పగిలినవి. వానిని సరిచేయ వచ్చిన మెనికుచ్చి పని తలపెట్టుటకు ముందు గాలినిగూర్చి యొక సిద్ధాంతమునే ప్రతిపాదించును. గ్రంథమున కీపాత్రము ప్రాణము. హాస్యము తఱచుగా గ్రంథకర్తమీఁదికే మరలుటచేత, అనఁగా చలికి వణఁకువాఁడును భాష తడఁబడువాఁడును నతఁడే యగుటచేత, నవ్వు మొఱకుఁదనమునకు దిగలేదు.

గృహశబ్దమును పాణిని (3-1-144) గ్రహధాతువునుండి కర్త్రర్థమున సాధించెను. పరిగ్రహించునది గృహము. కర్త యిల్లు, మనుష్యుఁడు కర్మ. మేల్ గారు ఈ శాస్త్ర మెఱుఁగకపోయినను గ్రంథమున నడచినది యిదియే. ఇంటిని తాను కొంటినని యతఁడు తలఁచును. ఏఁడాది తిరుగునప్పటికి భోజనవేళలు, మాటతీరు, గడువులమీఁది యాశ, అన్నియు మాఱి, ఇల్లే యతనిని గొన్నట్లు తేలును. తాత్స్థ్యముచే నీశబ్దమే భార్యయందును వర్తించునని కాశికాకారులు చెప్పియున్నారు. క్రిస్మసునకుఁ బని ముగియదని నిరాశ చెందిన దంపతులు పనివారిని భార్యలతోఁగూడ విందునకుఁ బిలుతురు. ఆ యిల్లాండ్రు సగముపని చూచినచోఁ దలవంపని పనివారు త్వరపడుదురు. వైయాకరణులు సంతోషింపఁదగిన ఘట్టము.

ఇఁక దోషము. ఇట్టి యిండ్లు అమ్మకమున కెట్లు వచ్చినవి? పందొమ్మిదవ శతాబ్దమునుండియు ఫ్రాన్సున పల్లెజనము పట్టణములకుఁ దరలుచుండఁగా వేలకొలఁది గృహములు దిక్కులేనివయ్యెను. విడిచిపోయినవాని కథ యీ గ్రంథశాఖయం దరుదు. హాస్యమున కడుగునఁ గరుణ యుండవలసిన చోట శూన్యమున్నది.

గుత్తి ప్రాంతమున నిది పుస్తకములలోని ప్రశ్నమాత్రము కాదు. సాలునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడు నీ యనంతపురపు మెట్టలో, వేరుసెనగ యెండిన యేఁట కుటుంబములు తలుపులకుఁ దాళము వైచి బెంగుళూరికి కూలికిఁ బోవును. మట్టిమిద్దెపై వానకు ముందు చవుడు పోయనిచో నీరు దిగును, దంతెలు చివుకును, దూలము క్రుంగును, రాతిగోడలు మాత్రము నిలుచును. అట్టి యింటిని పరదేశి యొకఁడు కొని, కాసెపనివారి యాలస్యమునుగూర్చి నవ్వుల పుస్తకము వ్రాసినచో, బెంగుళూరిలోఁ బరుల గోడలు కట్టుచున్న యింటివాఁడు దాని నెట్లు చదువును?

పరదేశివాసపు వ్రాతలు గుత్తికిఁ గ్రొత్త కావు. 1800 మొదలు 1807 వఱకు దత్తమండలములకుఁ బ్రధానకలెక్టరుగా నుండిన తామస్ మన్రో, పిదప గవర్నరై, 1827 జూలై 6న పత్తికొండలో విషూచిచే మరణించి గుత్తికోట క్రింద ఖననము చేయఁబడెను. 1831లో శరీరమును మద్రాసునకుఁ గొంపోయిరి. గ్లీగ్ 1830లోఁ బ్రకటించిన యతని జీవితచరిత్రమున, ధర్మపురితోటను విడుచుటకు వగచిన లేఖ యున్నది. మేల్ గారి పుస్తకముకంటె నందు హాస్యము తక్కువ, మమత యెక్కువ. ఐనను శిస్తు గైకొనువాని మమత యది.

బ్రౌను తెఱఁగు వేఱు. కడపలో బంగళా కొని, జీతమిచ్చి పండితులను గూర్చుండఁబెట్టి, అతఁడు చేసినది తాళపత్రప్రతుల జీర్ణోద్ధారము. ముఖపత్రమున బ్రౌను పేరున్నను, జూలూరి అప్పయ్య, అయోధ్యాపురము కృష్ణారెడ్డి, వఠ్యము అద్వైతబ్రహ్మయ్యలు జీతగాండ్రై మఱుఁగుపడలేదు. వారి నెఱుఁగుటకు బ్రౌను వ్రాతలే యాధారము. మేల్ గారును మెనికుచ్చిని పేరుతో నిలిపిరి. ఆమాత్రపు న్యాయ మాయనకుఁ గలదు. ఆయన ననుకరించినవారిలోఁ బెక్కురకు పనివాఁడు దేశలక్షణమునకు లక్ష్యముగా మాత్రమే మిగిలెను.

గ్రంథము ప్రసిద్ధమైన పిదప పాఠకులే యాయింటిని వెదకికొనుచు వచ్చి వాకిట నిలువసాగిరి. మేల్ గారు దానిని విడిచి, కొంతకాల మమెరికాలో నుండి, మరలఁ బ్రొవాన్సులోనే వేఱొక గ్రామము చేరి, 2018లో మరణించిరి. పండ్రెండు నెలల పుస్తకమున నీ యుత్తరకథ యధికమాసమువలెఁ జేరియుండినచో, తలుపు మూసి వెడలిన తొలియింటివాఁడును అందుఁ గనఁబడియుండెడివాఁడు.