చలికాలంలో వెదురు పొద

తెలుగునాట పెరటి వెదురుకు చలి భయం లేదు. ఇళ్ల ముందు ఎక్కువగా కనిపించేది పచ్చ చారల పసుపు వెదురు. హైదరాబాద్ రాత్రుల 10, 12 డిగ్రీల చలి దానికి ఒక లెక్క కాదు. అయినా ఈమధ్య వీడియోలు చూసి కుండీలకు గోనెపట్టాలు చుట్టేవారు ఎక్కువయ్యారు. ఆ ఏర్పాటు నేల గడ్డకట్టే దేశాలది. అక్కడ వేళ్లకు నీరందక ఆకు మాడిపోతుంది కాబట్టి మొదలు చుట్టూ ఆకుచెత్త మందంగా పరిచి, వసంతం దాకా కత్తి ముట్టరు. న్యూజెర్సీ పెరట్లో వెదురు పెంచే తెలుగువారికి ఆ సలహా సరైనదే. ఇక్కడ కప్పాల్సిందేమీ లేదు కానీ పని మాత్రం బోలెడు, అదీ కత్తితోనే.

ముందు నీరు. తెలంగాణలో అక్టోబరుతో వానలు వెనుదిరుగుతాయి. నెల్లూరు వైపు డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు తడుపుతుంటాయి, తొందరపడి గొట్టం పెట్టక్కర్లేదు. నేలలోని పొదకు పది రోజులకొక నిండు తడి చాలు, కుండీ త్వరగా ఆరుతుంది. మధ్యాహ్నం ఆకు సూదిలా చుట్టుకుంటే కంగారు వద్దు, సాయంత్రానికి విచ్చుకుంటుంది. తెల్లవారినా అలాగే ఉంటేనే దాహం.

ఇక కోత. వెదురు గడ ఒక్క వానాకాలంలోనే పూర్తి ఎత్తు అందుకుంటుంది, ఆ తర్వాత లావెక్కదు, మూడు నాలుగేళ్లకు ముదురుతుంది. కొత్త కొమ్ములు అంచుల్లోని లేత దుంపల నుంచి వస్తాయి కాబట్టి ముసలి గడలు నడుమ ఇరుక్కుపోయి గాలి, వెలుతురు ఆడనివ్వవు. లేత గడ మీద తెల్లటి పొడి, కణుపుల దగ్గర ఎండుపొర ఉంటాయి. ముదురు గడ రంగు వెలిసి మచ్చలు పట్టి ఉంటుంది. ఒక పక్కనుంచి దారి చేసుకుని వెళ్లి ముదురువే కోయాలి, అవీ మొత్తంలో మూడోవంతు మించకుండా. నేలకు దగ్గరి కణుపుకు సరిగ్గా పైన రంపం పెట్టాలి. నాలుగంగుళాలు వదిలి కోస్తే మోడు గిన్నెలా మారి నీరు నిలుస్తుంది, దోమలు గుడ్లు పెడతాయి. డెంగీ భయంతో పాత డబ్బాలన్నీ బోర్లించిన ఇళ్లలోనే ఇలాంటి గిన్నెలు బారులు తీరి ఉంటాయి.

వెన్నెల తగ్గే రోజుల్లో, అమావాస్యకు ముందు కోస్తే పుచ్చు పట్టదని పాత మాట. చంద్రుడి సంగతి అటుంచితే, పుచ్చు పురుగుకు కావలసింది గడలోని పిండి పదార్థం. వానాకాలంలో కొత్త కొమ్ములను పెంచడానికి పొద ఆ నిల్వను ఖర్చు చేస్తుంది, ఎండాకాలం దగ్గరపడేకొద్దీ మళ్లీ నింపుకుంటుంది. కార్తీక మార్గశిరాల్లో కోసిన గడకు పుచ్చు తక్కువ కావడానికి కారణం ఇదే. కోసిన గడలను కొన్ని వారాలు చెరువులో నానబెట్టేదీ ఆ పిండి కరిగిపోవడానికే. తిథి చూసేవాళ్లను చూసి నవ్వి, తీరిగ్గా ఫిబ్రవరిలో కోసినవారి పందిరి కింద కొన్ని నెలల్లోనే సన్నటి పొడి రాలడం మొదలవుతుంది.

రాలిన ఆకును ఊడ్చి తగలబెట్టవద్దు. అందులోని సిలికా మళ్లీ పొదకే చేరాలి. అయితే ఇంటి గోడకు ఆనుకున్న పొద కింద మాత్రం ఎండలు ముదిరేలోపు ఎండుటాకు తీసి దూరంగా గుంటలో వేయాలి, నిప్పురవ్వ పడితే క్షణాల్లో అంటుకుంటుంది. యూరియా ఈ కాలంలో వద్దు. పశువుల ఎరువు మే చివర్లో, తొలకరికి ముందు వేస్తే కొత్త కొమ్ములకు అందుతుంది.