తెర వెనుక గొంతు

1952లో వెలువడిన ‘సింగిన్ ఇన్ ది రెయిన్’ చిత్రాన్ని వాన పాట కోసమే చూచేవారు పెక్కుమంది. జీన్ కెల్లీ గొడుగు ముడిచి వాననీటిలో చిందులు వేసే ఘట్టం రమణీయమే. ఐనా బెటీ కామ్డెన్, అడాల్ఫ్ గ్రీన్‌లు రచించిన కథ నడిచేది ఒక గొంతు ఎవరిదన్న తగవు మీద.

1927లో ‘ది జాజ్ సింగర్’ విజయంతో మూకీల తారలకు మాట అవసరమయింది. కథలోని తార లీనా లామాంట్ రూపవతి, కంఠం కర్ణకఠోరం. ఆమెకు తన మాటనూ పాటనూ అరువిచ్చేది కాథీ సెల్డెన్. కాథీ పేరు తెర మీద వేయిస్తానని నిర్మాత మాట ఇస్తాడు. లీనా తన ఒప్పందంలోని షరతు చూపి, బెదిరించి, ఆ మాటను వెనక్కి తీయిస్తుంది. తుదకు రంగస్థలం మీద తెర లాగగానే వెనుక పాడుతున్న కాథీ సభకు కనబడుతుంది.

సత్యం జయించిందని ప్రేక్షకుడు సంతోషిస్తాడు. ఆ జయం ఎంతవరకు నిజం? ‘వుడ్ యూ’ పాటను చూడండి. కాథీ మైకు ముందు పాడుతుంది. ఆ పాటకే లీనా పెదవులు కదుపుతుంది. అదే పాట నలుపు తెలుపుల చిత్రమై తెర మీద సాగుతుంది. ఎక్కడా అతుకు కనబడదు. బహు నేర్పుగల కూర్పు. ఐతే అక్కడ కాథీ పాత్రధారిణి డెబీ రేనాల్డ్స్‌కు గొంతు ఇచ్చిన గాయని బెటీ నాయిస్. సంభాషణల ఘట్టంలో ఇంకా విచిత్రం: లీనా కోసం కాథీ పలికినట్లు వినబడేది లీనా పాత్రధారిణి జీన్ హేగన్ సహజ స్వరమే! ఆ కీచుదనమంతా ఆమె అభినయం. నాయిస్ పేరు మాత్రం చిత్రంలో ఎక్కడా లేదు. పేరు దాచినందుకు లీనాను నవ్వులపాలు చేసిన చిత్రంలోనే. దర్శకులు కెల్లీ, స్టాన్లీ డోనెన్‌లు ఒక తెర లాగారు. మరొకటి అట్లే ఉండిపోయింది.

లీనా పట్ల చిత్రం కొంత నిర్దయ చూపిందనే చెప్పాలి. ఘంటసాల, సుశీల పేర్లు ఎరిగి, తెర మీద వేరొక ముఖం చూస్తూ పాట విని ఆనందించిన తెలుగువారికి గొంతు అరువు నేరంగా తోచదు. అప్పు ఒప్పుకోకపోవడమే లీనా చేసిన తప్పు. ఈ సంగతి అనువాదకులకు విడమరచి చెప్పనక్కరలేదు. తాము తెనిగించిన గ్రంథం అట్ట మీద మూలకర్త పేరొక్కటే చూచుకొన్నవారు వారిలో ఎందరో ఉన్నారు.