గళ్ల గుడ్డకు గౌరవం జపానులోనేనా?

అమెరికా సైన్యపు ఎం-65 జాకెట్టును జపాను బ్రాండ్లు మళ్లీ కుట్టే తీరు చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. రియల్ మెకాయ్స్, 1993లో మొదలైన బజ్ రిక్సన్స్ వంటివి పాత సైనిక జాకెట్ల నూలు, జిప్పు, కుట్టు వరుస దాకా తు.చ. తప్పకుండా దించుతాయి. మన మద్రాసు గళ్ల గుడ్డను నెత్తిన పెట్టుకున్నదీ జపానువాళ్లే. ఇషిజు కెన్‌సుకె స్థాపించిన వాన్ జాకెట్ సంస్థ 1960లలో అమెరికా కాలేజీ ఫ్యాషన్‌ను జపాను కుర్రకారుకు అలవాటు చేసింది. అందులో ఈ గళ్లకూ చోటు దక్కింది.

ఆ గళ్ల చరిత్రలో మన తిరువళ్ళూరు జిల్లాది పెద్దపీట. డచ్చివారు 1613లో పులికాట్‌లో గెల్డ్రియా కోట కట్టి, ఈ తీరపు బట్టలను ఆగ్నేయాసియాకు ఓడలకెత్తారు. మలేషియాలో గళ్ల లుంగీకి ఇప్పటికీ పులికాట్ పేరే. 1958లో బ్రూక్స్ బ్రదర్స్ మద్రాసు గుడ్డతో బట్టలు కుట్టిస్తే ఉతికినప్పుడల్లా రంగు దిగిందట, ఆ దిగడాన్నే గొప్పగా చాటి అమ్మారట! తిరుత్తణి చుట్టుపక్కల పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పం, పళ్ళిపట్టు ఊళ్లలో నేత నేటికీ బతుకుతెరువే. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలో ఉన్న తాలూకా. హద్దు మారినా తెలుగు మాట ఆగలేదు.

ఇక పనితనం చూడండి. ముందు నూలుకు రంగు, తర్వాత ఆసు పోయడం, పడుగు చాపి గంజి పట్టించడం, అన్నీ అయ్యాకే మగ్గం. పడుగులో ఎర్రపోగులెన్నో నీలంవెన్నో ముందే లెక్క. పేక లెక్క మాత్రం నేతగాడి చేతిలోదే. రంగు మారినప్పుడల్లా నాడె మార్చాలి. పలక దెబ్బ గట్టిగా పడితే గడి కుదించుకుపోతుంది, వదులైతే సాగుతుంది. గజాల పొడవునా ప్రతి గడీ చచ్చౌకంగా దిగిందంటే ఆ చేతికి దండం పెట్టాల్సిందే! ఎర్ర పడుగును నీలి పేక దాటిన చోట పుట్టే మూడో రంగు ఏ తొట్టిలోనూ దొరకదు.

ఈ గుడ్డతో ఎం-65 లాంటి నాలుగు జేబుల సైనిక జాకెట్టు కుట్టడం దర్జీకి అగ్నిపరీక్ష. జేబు మీది గీత ఒంటి మీది గీతలో కలిసిపోవాలి. మూత వేసినా గడి తెగకూడదు. అందుకు గుడ్డ ఎక్కువ పడుతుంది, ముక్కలు వృథా అవుతాయి. ఆ నష్టానికి వెనకాడనివాడే పనివాడు. అయినా గడి చచ్చౌకంగా లేకపోతే ఎంతటి దర్జీ అయినా చేయగలిగిందేమీ లేదు. అందుకే జాకెట్టు ఘనతలో మొదటి వాటా నేతగాడిదే.

ఆ నేతగాడికి మనం చేస్తున్నదేమిటి? 1985 చేనేత రిజర్వేషన్ చట్టం కింద లుంగీని చేనేతకు కేటాయించారు, సుప్రీంకోర్టు 1993లో ఆ చట్టాన్ని సమర్థించింది. కాగితం మీద గెలిచినవాడు బజారులో ఓడుతున్నాడు. మరమగ్గం సరుకుకు చేనేత పేరు, ప్రింటు చొక్కాకు మద్రాసు చెక్స్ చీటీ! ఇది పట్టపగటి దోపిడీ. మరమగ్గం కార్మికుడి మీద నాకు కోపం లేదు, దొంగపేరుతో అమ్మేవాడి మీదే నా మంట.

గుడ్డ తిరగేసి చూడండి. నేసిన గడికి రెండువైపులా ఒకే రంగు, ప్రింటు గడి వెనకవైపు వెలవెలబోతుంది. చేనేతా మరమగ్గమా తేలాలంటే 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ అడగండి. కుర్ర డిజైనర్లారా, తిరుత్తణి బస్సెక్కండి. నేతకు తగ్గ కూలి ఇచ్చి గుడ్డ నేయించుకోండి, జాకెట్టు చీటీ మీద మీ బ్రాండు పక్కనే నేసిన ఊరి పేరూ వేయండి.