రెండంగుళాల ఎత్తు వెనుక

ఎత్తు పెంచిన జీపు ఎదురైతే చాలామంది కళ్లు టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఉన్న ఖాళీ మీదే ఆగిపోతాయి. పనితనం చూడాలంటే మోకాళ్ల మీద వంగి బండి కిందికి చూడాలి. పుదుచ్చేరి నుంచి విల్లుపురం పోయే రోడ్డు మీద, మూలకుళం దగ్గర, పీవై 01 నంబరు థార్లూ జిమ్నీలూ కొత్తేమీ కాదు. ఇక్కడి నేల బల్లపరుపు. ఇసుకంటారా, సముద్రం ఉంది. కొండ కావాలంటే మాత్రం జింజీ దాకా పోవాలి. అలాంటి ఊళ్లో లిఫ్ట్ కిట్ ఎందుకని అడిగేవాళ్లకు నా దగ్గర పెద్ద జవాబు లేదు. కానీ వేయించుకోవాలనుకున్నవారికి చెప్పదగిన మాట ఒకటుంది. బండిని రెండంగుళాలు లేపడం ఎవరైనా చేస్తారు. లేపినప్పుడు కింద చెదిరిన కోణాలను మళ్లీ వాటి చోటికి తేవడంలోనే మెకానిక్ చెయ్యి తెలుస్తుంది.

ముందు ఒక భ్రమ తీరాలి. ఒకే కడ్డీలాంటి ఇరుసు ఉన్న బండికి స్ప్రింగులు మార్చితే బాడీ లేస్తుంది, ఇరుసు లేవదు. మధ్యలో వేలాడే డిఫరెన్షియల్ కింద ఖాళీ పెరగాలంటే టైరు పెద్దదవ్వాలి, ఆ పెరిగిన వ్యాసంలోనూ సగమే మనకు దక్కుతుంది. జిమ్నీకి కంపెనీ ఇచ్చే టైరు 195/80 ఆర్15. దాని బదులు 215/75 వేస్తే రాయికీ డిఫరెన్షియల్‌కీ మధ్య పెరిగేది 5 మిల్లీమీటర్లు! 235/75 అయితే 20 దాకా వస్తుంది, అయితే ఆ టైరు తిరగడానికీ ముడుచుకోవడానికీ పైన చోటు కావాలి. ఆ చోటు ఇవ్వడం లిఫ్ట్ కిట్ చేసే పనుల్లో ఒకటి. గట్ల మీద బండి పొట్ట ఆనకుండా చూడడం రెండోది.

నాకు అందంగా కనిపించేది మాత్రం పాత జిప్సీ కింది కమాను కట్ట, అంటే ఒకదానిమీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగు. 1985లో మన దేశానికి వచ్చిన ఆ బండికి ముందూ వెనకా ఇరుసులు రెండూ కమాన్ల మీదే ఉంటాయి. 1804లో ఒబడయా ఎలియట్ అనే ఇంగ్లండ్ బండ్ల తయారీదారు గుర్రబ్బగ్గీల కోసం పేటెంటు పొందిన స్ప్రింగులదీ ఇదే వంశం. ఒకే మందపాటి పట్టీ పెట్టకుండా ఇన్ని పలచటి పట్టీలు ఎందుకు పేర్చారంటే, పట్టీ మందం రెండింతలైతే దాని బిగువు ఎనిమిదింతలవుతుంది. పలచటివి పేరిస్తే బరువు మోస్తూనే వంగుతాయి, ఒకదానిమీద ఒకటి రాసుకుంటూ కుదుపును కొంత మింగేస్తాయి కూడా.

మంచి కట్టను చేత్తో తడిమితే తెలుస్తుంది. పట్టీల కొసలు మొండిగా నరికి ఉండవు, పలచబడుతూ పోతాయి. అందువల్ల కింది పట్టీ కొస పై పట్టీని గీరదు. రెండో పట్టీ చివర మొదటి పట్టీ కన్నును, అంటే దాని కొసన గుండ్రంగా చుట్టిన భాగాన్ని, చుట్టుకుని ఉంటుంది, పెద్ద పట్టీ విరిగినా ఇరుసు చోటు వదలదు. కంటికి కనిపించని పని ఇంకా ఉంది. ఫ్యాక్టరీలో ఆ పట్టీల మీద సన్నటి ఉక్కు గుళ్లను జోరుగా కొట్టిస్తారు. పైపొర బిగుసుకుని, పగుళ్లు పుట్టడం ఆలస్యమవుతుంది. తర్వాత కట్టను దాని హద్దు దాటేలా నొక్కి వదులుతారు. కుంగాల్సింది అక్కడే కుంగిపోతుంది, మన బండి కింద కాదు. మన కమ్మరి కొలుముల్లో కత్తికి, కొడవలికి లారీ కమాను పట్టీనే ఏరి తెచ్చుకుంటారంటే ఆ ఉక్కు ఎంతటిదో చూడండి. అదే ఉక్కును గ్యాసు మంటతో కాల్చి, వంపు పెంచి, లిఫ్ట్ అని అమ్మేవాళ్లున్నారు. కాల్చిన చోట పదును పోతుంది, కొన్నాళ్లకు కట్ట చతికిలబడుతుంది.

బొర్రా గుహల దగ్గర కటికి జలపాతానికి పోయే రాళ్ల దారిలో జీపులు పర్యాటకులను కిక్కిరిసి ఎక్కించుకుని పైకి పోతాయి. అలాంటి బండికి ఒక పట్టీ అదనంగా వేస్తే న్యాయమే, అక్కడ బరువుంది. ఇద్దరు ఎక్కి తిరిగే బండికి అదే పట్టీ వేస్తే నడుము విరుగుతుంది. అందుకే కొనేముందు తేల్చుకోవాల్సింది ఎన్ని అంగుళాలన్నది కాదు, ఎప్పుడూ బండిమీద ఉండే బరువెంత అన్నది. ఇనుప బంపరు, వించి ఉన్నాయా, వెనక సామాను ఎంత? మంచి కంపెనీలు ఒకే ఎత్తుకు రెండు మూడు రకాల బిగువుతో స్ప్రింగులు చేసేది ఇందుకే.

2023లో మన దేశంలో విడుదలైన జిమ్నీకి కాయిల్ స్ప్రింగులు. ఇక్కడ అసలు ఆట చేతులది. చేయి అంటే ఇరుసును బండి ఛాసిస్‌కు పట్టి ఉంచే కడ్డీ. దాని పొడవు 800 మిల్లీమీటర్లు అనుకుందాం. బాడీని 50 మిల్లీమీటర్లు లేపితే ఆ చేయి సుమారు మూడున్నర డిగ్రీలు వాలి, ఇరుసును తనతోపాటు తిప్పేస్తుంది. ముందు చక్రాల కాస్టర్ కోణం, అంటే స్టీరింగ్ అక్షం వెనక్కి వాలే కోణం, తగ్గిపోతుంది, తిప్పిన స్టీరింగ్ తనంతట తాను తిన్నని స్థితికి రాదు, హైవేలో బండి తూలుతుంది. దీనికి విరుగుడు చేతి చివర దూరే ఒక రబ్బరు బుష్. దాని రంధ్రం నడిమధ్యన ఉండదు, కాస్త పక్కకు ఉంటుంది. ఆ కాస్తతోనే పోయిన డిగ్రీలు తిరిగొస్తాయి. ఇంత చవకైన, ఇంత తెలివైన వస్తువు కిట్‌లో మరొకటి లేదని నా అభిప్రాయం. ఇరుసును అడ్డంగా పట్టి ఉంచే పాన్‌హార్డ్ రాడ్‌దీ ఇలాంటి కథే. బాడీ లేస్తే అది ఇరుసును కొన్ని మిల్లీమీటర్లు పక్కకు లాగుతుంది, పొడవు సరిచేసుకునే రాడ్ కావాలి. బ్రేకు గొట్టాలు పొడుగువి వేయాలి. షాక్ అబ్జార్బర్లు పాతవే ఉంచితే స్ప్రింగు పూర్తిగా సాగేలోపే అవి ఆగిపోతాయి, గుంత దిగిన ప్రతిసారీ టక్కుమంటాయి. స్ప్రింగులు మాత్రమే ఉన్న పెట్టెను కిట్ అని నేననను.

2020 థార్‌లో వెనక ఒకే కడ్డీలాంటి ఇరుసు ఉన్నా, ముందు చక్రాలు దేనికదే విడిగా ఆడతాయి. అక్కడ ఎత్తు పెంచినకొద్దీ చక్రాన్ని తిప్పే షాఫ్టు కీళ్లు ఏటవాలుగా పనిచేయాలి. అత్యాశ పనికిరాదు.

బిగింపు దగ్గర ఒక్క సంగతి గమనిస్తే మెకానిక్ ఎలాంటివాడో తెలిసిపోతుంది. జాకీల మీద ఇరుసు వేలాడుతుండగానే బుష్ బోల్టులు పూర్తిగా బిగించేస్తే, బండి దిగగానే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, త్వరగా చిరుగుతుంది. తెలిసినవాడు వదులుగా పెట్టి, బండిని చక్రాల మీద నిలబెట్టి, నాలుగుసార్లు కిందికి అదిమి, అప్పుడు పానా పడతాడు. కమాను కట్టను ఇరుసుకు బిగించే పాత యూ బోల్టులు మళ్లీ వాడడు. సముద్రపు గాలి ఉన్న ఊరు గనక పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు మరిచిపోడు. హెడ్‌లైట్లు కిందికి దించి సర్దుతాడు, లేకపోతే ఎదుటి డ్రైవర్ల కళ్లల్లో పడతాయి.

చట్టం సంగతీ ఉంది. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌పై 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. డబ్బు కట్టకముందే ఆర్టీవో ఆఫీసులోనూ బీమా కంపెనీలోనూ అడిగి రావడం మంచిది. వేయించుకున్నాక కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి, బండిని మళ్లీ షెడ్డుకు తీసుకెళ్లి యూ బోల్టులన్నీ ఒకసారి బిగింపించుకోవాలి, అలైన్‌మెంట్ కాగితంలో కాస్టర్ అంకెను పాత దానితో పోల్చి చూసుకోవాలి.