అచ్చుకు ముందు చదివేదెవరు?

ఈ వారం దుబాయ్‌లోని జెబెల్ అలీలో ఒక తెలుగు ప్రత్యేక సంచిక చేతికొచ్చింది. నున్నటి కాగితం, రంగుల అచ్చు, పేజీల కొద్దీ సందేశాలు, దాతల ఫొటోలు. సెలవు రోజున కార్మికుల క్యాంపులో జగిత్యాల తమ్ముడొకడు దాన్ని తిరగేసి, ఒక వ్యాసం నాలుగు వాక్యాలు చదివి పక్కన పెట్టాడు. "ఏం జెప్పిండ్రో సమజైతలేదన్నా" అన్నాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాడు, ఫోన్లో రోజూ వార్తలు చదివేవాడు. అతనికే అందని తెలుగు ఈ ఊళ్లో ఎవరి కోసం అచ్చేసినట్టు? నాకు చాలా కోపమొచ్చింది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పట్టుదల తెలుసు. డబ్బు పెట్టేవారు వేరు, పత్రిక నడిపేవారు వేరుగా ఉండాలి. సంపాదకుడి పేరు పెద్దక్షరాల్లో ఉండాలి, మంచికీ చెడ్డకీ ఆయనే జవాబు చెప్పాలి. ఈసారీ అదే రాద్దామని కూర్చుంటే మన పత్రికల చరిత్రే నాకు అడ్డు తగిలింది.

కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో తలనొప్పి మందు అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ వ్యాపారం డబ్బుతోనే 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రికగా పుట్టింది, 1924లో మద్రాసులో భారతి వచ్చింది. డాక్టర్ కె.ఎన్. కేసరి లోధ్ర మందు అమ్మి, 1928లో గృహలక్ష్మి స్థాపించారు. తలనొప్పికి మందు కొన్నవాళ్లు తమకు తెలియకుండానే తెలుగు సాహిత్యాన్ని పోషించారు. ఈ యజమానులు పత్రికకు దూరంగా కూర్చున్నవాళ్లు కారు.

ఇక చందమామ. మా ఇంట్లో అది వచ్చిన రోజు నాన్నమ్మకు నేనే చదివి వినిపించాలి. ఆమెకు అక్షరం రాదు. రామాయణం నుంచి ఇరుగుపొరుగు తగాదాల దాకా ఏది చదివినా మధ్యలో ఆపి "అంటే ఏందిరా?" అని అడిగేది. చందమామ కథకు మాత్రం ఒక్కసారీ ఆపలేదు. కథ అయిపోయాక రాజు చేసింది తప్పో ఒప్పో నాతో వాదించేది. మాట ఆమెకు అడ్డు రాలేదు కాబట్టే వాదన దాకా వెళ్లగలిగింది.

ఆ మాట వెనక ఉన్నది కొడవటిగంటి కుటుంబరావు. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో చందమామ ప్రారంభించారు. కుటుంబరావు 1952లో చేరి, 1980లో కన్నుమూసేదాకా దాన్ని తీర్చిదిద్దారు. బయటి నుంచి వచ్చిన కథలను తన వచనంలో తిరగరాసేవారు. పెద్దల కోసం 'చదువు' లాంటి నవల రాసిన మనిషి, పిల్లల పత్రికలో సంపాదకుడిగా తన పేరు లేకుండానే అంతకాలం పనిచేశారు. కథ ఎలా ఉండాలో పట్టుబట్టి చెప్పిన చక్రపాణి స్వయానా యజమానుల్లో ఒకరు. నా సూత్రం ప్రకారం ఈ పత్రిక చెడిపోవాలి. కానీ తెలుగులో అంత హాయిగా చదివించిన పత్రిక నాకు మరొకటి తెలియదు.

ఆ హాయిని కొలవచ్చా? చదవడం ఎంత సులువో కొలవడానికి అమెరికాలో రుడాల్ఫ్ ఫ్లెష్ 1948లో ఒక సూత్రం ఇచ్చాడు. వాక్యం పొడవునూ మాట పొడవునూ లెక్కగట్టడమే అందులో కీలకం. మాటకు మాట అతుక్కునే తెలుగుకు ఆ కొలత సరిపడదు. "వెళ్లలేకపోయాను" ఏడక్షరాల మాట, బడికి పోని పిల్లకూ అర్థమవుతుంది. మనకు పనికొచ్చే కొలత నాన్నమ్మ పెట్టిన పరీక్షే: పైకి చదివితే వినేవాళ్లు ఎక్కడ ఆపుతారు?

అందుకే నా పట్టుదల మార్చుకుంటున్నాను. యజమాని పక్కకు తప్పుకోవాలని ఇకపై అడగను, సంపాదకుడి పేరు పెద్దక్షరాల్లో వేయమనీ పట్టుబట్టను. డబ్బు పెట్టేవారు అచ్చుకు ముందు ప్రతి వ్యాసం చదవాలి, లేదా చదివి తిరగరాయగల మనిషికి జీతమివ్వాలి. నున్నటి కాగితానికి పోసే డబ్బులో సగం ఆ మనిషికి ఇస్తే చాలు. పగలంతా రేవులో, గోదాముల్లో ఒళ్లు వంచి పనిచేసి వచ్చినవాడు తన అరగంట తీరికను మన పేజీలకు ఇస్తున్నాడు. ఆ అరగంటకు బాకీపడినవాళ్లం మనమే.