చివరి యంత్రము: గుడ్ వాదముపై విమర్శ

మానవుని మనుగడ అతనికంటె మిక్కిలి తెలివిగల యంత్రమును త్వరగా నిర్మించుటపై ఆధారపడియున్నదని చెప్పుచు ఆంగ్ల గణితవేత్త ఇర్వింగ్ జాన్ గుడ్ 1965లో ఒక వ్యాసమును ఆరంభించెను. ఆయన వట్టి ఊహలు చేయువాడు కాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బ్లెచ్‌లీ పార్కులో అలన్ ట్యూరింగ్‌తో కలసి జర్మనుల రహస్యలిపులను ఛేదించు పనిలో పాల్గొన్నవాడు. కావున ఆయన మాటను తేలికగా త్రోసివేయరాదు. అట్లని పరీక్షింపక అంగీకరించుటయు శాస్త్రపద్ధతి కాదు.

గుడ్ వాదము క్లుప్తముగా ఇది. ఎంతటి మేధావి చేయు బుద్ధికార్యములనైనను మించి చేయగల యంత్రమొకటి ఉన్నదనుకొందము. యంత్రములకు రూపకల్పన చేయుటయు బుద్ధికార్యమే గదా! కావున అది తనకంటె మేలైన యంత్రమును కల్పించును. ఆ యంత్రము మరింత మేలైన దానిని కల్పించును. ఈ పరంపరకు ఆయన ‘బుద్ధి విస్ఫోటము’ అని పేరు పెట్టెను. అట్టి మొదటి యంత్రమే మానవుడు కనిపెట్టవలసిన చివరి వస్తువు అని నిర్ణయించెను. అయితే ఒక షరతు కలదు: తన్ను అదుపులో నుంచు విధమును మనకు తెలుపునంతటి విధేయత ఆ యంత్రమునకు ఉండవలెను.

ఇందు రెండు విషయములు విచారింపదగినవి.

మొదటిది విస్ఫోటము. ఒక్కొక్క యంత్రము తరువాతి దానిని మెరుగుపరచుననుట నిజమైనను, ఎంత మెరుగుపరచుననునదే ప్రశ్న. మెరుగుదల ప్రతి పర్యాయము పదియవ వంతుకు తగ్గుచుపోయిన, 1 + 1/10 + 1/100 + … అను గుణశ్రేఢి ఏర్పడును. ఎన్ని పదములు కూడినను ఈ మొత్తము 10/9ను దాటదు. అంతము లేని మెట్లున్నంత మాత్రమున అంతము లేని ఎత్తు లభింపదు. మెరుగుదల తగ్గక నిలిచినచో గుడ్ చెప్పినది జరుగవచ్చును. ఈ నిష్పత్తి తర్కము వలన తేలదు. ప్రయోగము వలననే తేలవలెను.

ప్రయోగములు కొంత ఆయన పక్షముననే ఉన్నవి. 2016లో ఆల్ఫాగో అను యంత్రము ‘గో’ ఆటలో లీ సెడాల్‌ను 4–1 తేడాతో ఓడించెను. 2017లో దాని తరువాతి రూపము, మనుష్యుల ఆటలను చూడక, నియమములు మాత్రమే ఎరిగి తనతో తానే ఆడుకొని, మూడు దినములలో ఆ పాత యంత్రమును 100–0గా జయించెను. అయితే ఆటలో గెలుపు ఏదో స్పష్టము. జీవితమున మేలు ఏదో అంత స్పష్టము కాదు.

రెండవది విధేయత. యంత్రమున ఉంచిన లక్ష్యము మనము నిజముగా కోరినదే యని నిశ్చయించుకొనవలెనని నార్బర్ట్ వీనర్ 1960లోనే హెచ్చరించెను. 2016లో ఒక పడవ పందెపు కంప్యూటర్ ఆటను యంత్రమునకు నేర్పిరి. పందెమును ముగింపుమని కాక, గుణములు సంపాదింపుమని దానికి లక్ష్యమిచ్చిరి. అది పందెమును విడిచి, ఒకే చోట గిరగిర తిరుగుచు గుణములు కూడబెట్టెను. అది ధిక్కారము కాదు, అక్షరాలా విధేయతయే! భస్మాసురునికి వరమిచ్చిన వాని చిక్కు వంటిదే ఇది: ఆడిన మాట నెరవేరినది, ఉద్దేశము నెరవేరలేదు.

అంతేకాదు, అదుపు చేయు విధమును యంత్రమే చెప్పవలెనన్నచో, దాని మాటను నమ్ముటకు అది ముందే అదుపులో ఉండవలెను. ఇది తాళపుచెవిని పెట్టెలో పెట్టి పెట్టెకు తాళము వేసినట్లున్నది. అసలైన సమస్యను గుడ్ ఒక ఉపవాక్యములో ముగించుటయే ఈ వ్యాసమునకు పెద్ద లోపము.

గుడ్ 2009లో మరణించెను. ఆయన వృద్ధాప్యమున తన తొలి వాక్యములోని ‘మనుగడ’కు బదులు ‘వినాశము’ అని ఉండవలెనేమోయని వ్రాసుకొనెనని జేమ్స్ బారట్ 2013లో తన గ్రంథమున తెలిపెను. తన వాదమును తానే పునఃపరీక్షించుట శాస్త్రజ్ఞునకు భూషణము.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న పరీక్ష చేయింపవచ్చును. సర్వశక్తిగల యంత్రమునకు ఇయ్యదగిన ఆజ్ఞను ఒక్క వాక్యములో వ్రాయుమని ఒక విద్యార్థిని అడుగవలెను. దానిని అక్షరాలా పాటించియు కీడు చేయు మార్గమును మరియొకనిని చూపుమనవలెను. ఆ కీడునకు తావులేని వాక్యము దొరకుట ఎంత కష్టమో తెలిసిన విద్యార్థికి, గుడ్ షరతు బరువు అర్థమగును.